పటంలో ‘ఖాళీ’ అని కనిపించే నేల

యాంగోన్‌లో పన్సొడాన్ రేవు దగ్గర పడవెక్కి డలాలో దిగి, రోడ్డున కాస్త దూరం వెళ్తే ట్వంటే వస్తుంది. కుండలకు పేరున్న ఊరు. ఊరి పక్కనుంచే కాలువ యాంగోన్ నదిని ఐరావతికి కలుపుతుంది. నేను పుట్టింది కోనసీమలో. అందుకేనేమో, ఇక్కడికొస్తే పరాయి దేశంలో ఉన్నట్టే అనిపించదు. చుట్టూ వరిచేలు, కాలువలు, బురద వాసన.

ఐరావతి డెల్టాలో సముద్రం వైపు ఒకప్పుడు చాలా మేర మడ అడవే. ఉపగ్రహ చిత్రాలను పోల్చి చూసిన పరిశోధకులు 2014లో ఒక లెక్క ప్రచురించారు. 1978లో 2,623 చదరపు కిలోమీటర్లున్న అడవి 2011 నాటికి 938కి పడిపోయింది. ముఖ్య కారణం వరి సాగు. యాంగోన్ వంటిళ్ళకు బొగ్గు కూడా ఒకప్పుడు ఈ అడవుల నుంచే వచ్చేది. 2008 మే నెలలో నర్గీస్ తుపాను లక్షా ముప్పై వేలమందికి పైగా ప్రాణాలు తీసింది. ఉప్పెనకు అడ్డు నిలిచే చెట్ల విలువ ఆ తర్వాత అందరి నోటా వినబడింది.

ఆకాశం నుంచి మడ చెట్టును గుర్తుపట్టడం ఎలా? ఆకు పరారుణ కాంతిని బాగా వెనక్కి పంపుతుంది, కిందున్న తడినేల పీల్చేసుకుంటుంది. ఆ తేడాతో కంప్యూటర్ అడవినీ వరిచేనునూ వేరు చేస్తుంది. దాని మీద ఊళ్ళు, నేల ఎత్తు, ఉప్పెన దారి ఒక్కో పొరగా పరిస్తే, ముందు ఎక్కడ కాపాడాలో తేలుతుంది. అన్నిచోట్లా ఒకేసారి మొక్కలు నాటే డబ్బు ఎవరి దగ్గరా ఉండదు కదా!

నాకు గుచ్చుకునేది మరొకటి. 2012లో బర్మాలో ‘ఖాళీ, బీడు, సాగుకాని’ భూముల చట్టం వచ్చింది. పటంలో ఖాళీగా కనిపించే చోట నిజానికి ఎవరో పీతలు పడుతుంటారు, పైకప్పుకు ఆకు కోసుకుంటుంటారు, పశువులు మేపుకుంటుంటారు. వీళ్ళలో చాలామంది పేర్లు ఏ కాగితంలోనూ ఉండవు. కాబట్టి పరిరక్షణ పటం గీసేవాళ్ళు ఉపగ్రహంతో సరిపెట్టుకోకూడదు. ఊరి ఆడవాళ్ళను కూర్చోబెట్టి, ఎవరు ఎక్కడికి ఏ నెలలో వెళ్తారో కూడా ఒక పొరగా చేర్చాలి. అది లేకపోతే అడవి మిగలొచ్చు, దాని మీద బతికేవాళ్ళు మాత్రం బయటికి పోతారు.

బర్మాకు వచ్చిన తెలుగువాళ్ళను బ్రిటిషువాళ్ళు ‘కోరింగీలు’ అన్నారు. వాళ్ళు ఓడెక్కిన కోరింగ రేవు పేరే అది. 1839 తుపాను ఆ రేవును తుడిచిపెట్టింది. ఆ పక్కనే ఉన్న మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, 235 చదరపు కిలోమీటర్లకు పైగా. ‘గ్లోబల్ మాంగ్రోవ్ వాచ్’ పటం ఉచితమే. ఈ ఆదివారం పిల్లలతో తెరిచి, ముందు కోరింగ, తర్వాత ఐరావతి వెతకండి. ఫోన్‌లోనూ తెరుచుకుంటుంది.