రాయిలో ఉన్నది యురేనియమా, థోరియమా? తేల్చేది ఆ చిన్న క్రిస్టలే!

పల్నాడు జిల్లా మాచర్ల సమీపంలోని కొప్పునూరులో యురేనియం నిక్షేపం ఉన్నట్టు హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే అటామిక్ మినరల్స్ డైరెక్టరేట్ గుర్తించింది. యురేనియం మాట వస్తే చాలు, జనంలో భయం మొదలవుతుంది. 2019లో నల్లమలలో ఎంత ఆందోళన జరిగిందో తెలిసిందే. మరి రాయిలో ఏముందో కచ్చితంగా ఎలా చెబుతారు? ఆ జవాబు డిటెక్టర్ లోపలి క్రిస్టల్ నాణ్యతపై ఆధారపడి ఉంటుంది.

టిక్.. టిక్ అంటే సరిపోదు

మామూలు గీగర్ కౌంటర్ రేడియేషన్ ఉందని మాత్రమే చెబుతుంది. అది దేని నుంచి వస్తోందో చెప్పలేదు. గ్రానైట్‌లో ఉండే పొటాషియం నుంచి కూడా రేడియేషన్ వస్తుంది. అందుకే గామా కిరణాల శక్తిని కొలవాలి.

యురేనియం వరుసలో పుట్టే బిస్మత్-214 గామా శక్తి 609 కేఈవీ. థోరియం వరుసలోని థాలియం-208ది 583. తేడా 26 మాత్రమే! సోడియం అయోడైడ్ డిటెక్టర్‌లో ఒక్కో పీక్ 40 కేఈవీకి పైగా వెడల్పుంటుంది. దాంతో రెండూ కలిసిపోతాయి. మంచి జెర్మేనియం క్రిస్టల్‌లో ఆ వెడల్పు 2 కేఈవీ లోపే. రెండూ విడివిడిగా కనిపిస్తాయి.

లోపం ఉంటే ఏమవుతుంది?

గామా కిరణం తగలగానే క్రిస్టల్‌లో విద్యుదావేశం పుడుతుంది. అదంతా ఎలక్ట్రోడ్‌కు చేరాలి. దారిలో మలినమో, లోపమో ఉంటే కొంత అక్కడే చిక్కుకుపోతుంది. అప్పుడు 609 రావాల్సిన చోట తక్కువ అంకె నమోదవుతుంది. పీక్ వెడల్పవుతుంది, లెక్క తప్పుతుంది.

క్రిస్టల్‌కూ పరీక్షలే

మొదటిది స్వచ్ఛత. డిటెక్టర్ జెర్మేనియంలో విద్యుత్ ప్రభావం చూపే మలినాలు దాదాపు లక్ష కోట్ల పరమాణువులకు ఒకటి స్థాయికి తగ్గాలి. లక్ష కోట్ల మిర్చి కాయల్లో ఒక్కటే తాలు కాయ ఉన్నట్టన్నమాట!

రెండోది పరమాణువుల వరుస. క్రిస్టల్ ముక్కను యాసిడ్ ద్రావణంలో ఉంచితే వరుస తప్పిన చోట గుంటలు పడతాయి. వాటిని మైక్రోస్కోప్‌లో లెక్కిస్తారు. చదరపు సెంటీమీటరుకు సుమారు 100 నుంచి 10 వేల వరకు ఉండాలి. విచిత్రం ఏంటంటే, అసలు లేకపోయినా పనికిరాదు. అలాంటి క్రిస్టల్‌లో వేరే రకం లోపాలు ఏర్పడి ఆవేశాన్ని పట్టేస్తాయి.

చివరిది అసలు పరీక్ష. క్రిస్టల్‌ను ద్రవ నైట్రోజన్‌తో మైనస్ 196 డిగ్రీల దగ్గరకు చల్లబరిచి, కోబాల్ట్-60 ముందు పెడతారు. 1,332 కేఈవీ దగ్గర పీక్ ఎంత సన్నగా వస్తే క్రిస్టల్ అంత మంచిదన్నట్టు.

కాడ్మియం జింక్ టెల్యురైడ్ క్రిస్టల్‌కు ఇంత చల్లదనం అక్కర్లేదు. కానీ అందులో టెల్యూరియం కణాలు ఇరుక్కుపోతుంటాయి. వాటిని ఇన్‌ఫ్రారెడ్ మైక్రోస్కోప్‌తో వెతుకుతారు.

అందుకే ఈసారి ఎవరైనా రేడియేషన్ అంకె చెబితే, ఏ డిటెక్టర్‌తో కొలిచారు, దాన్ని ఎప్పుడు పరీక్షించారు అని కూడా అడగాలి. భయమైనా, ధీమా అయినా ఆ అంకె మీదే నిలబడేది.