అలల ఎత్తు 3 మీటర్లు అంటే ఎంత?
సముద్రాన్ని, తీరాన్ని, ఓడల గమనాన్ని కొలిచే విధానాలు

బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిన ప్రతిసారీ రేడియోలోను, టెలివిజన్‌లోను, చేతిఫోన్లలోను కొన్ని అంకెలు వినవస్తాయి. అలల ఎత్తు ఇన్ని మీటర్లు, గాలి వేగం ఇన్ని నాట్లు, రేవులో ఇన్నవ నంబరు ప్రమాద సూచిక అంటూ ప్రకటనలు వెలువడుతాయి. యానాంలోను, పులికాట్ సరస్సు పరిసరాలలోను, గోపాల్‌పూర్ తీరంలోను, పూరీలోని పెంటకోటలోను నివసించే తెలుగు కుటుంబాలకు ఈ ప్రకటనలు ఒక్కొక్క చోట ఒక్కొక్క భాషలో అందుతాయి. తమిళంలో విన్నా, ఒడియాలో విన్నా, తెలుగులో విన్నా అంకె మాత్రం ఒక్కటే. కాని ఆ అంకె దేనిని కొలిచి చెప్పినదో తెలియకపోతే హెచ్చరిక చెవికి చేరినా మనసుకు చేరదు. ఇంటి మనిషి వేటకు వెళ్ళాలా, ఆగాలా అన్న నిర్ణయం ఆ అంకెపై ఆధారపడి ఉన్నందున, దాని వెనుకనున్న కొలతను గురించి తెలుసుకోవడం అవసరం.

బార నుండి ధ్వని వరకు

సముద్రపు కొలతలలో అతి ప్రాచీనమైనది లోతు. రెండు చేతులు చాచినంత పొడవును మనవారు బార అన్నారు. తాడు చివర బరువు కట్టి నీటిలోకి వదలి, పైకి లాగేటప్పుడు బారలు లెక్కపెట్టడం మన జాలరులకు తరతరాలుగా తెలిసిన విద్య. పాశ్చాత్య నావికుల ఫాదమ్ కూడా ఇదే కొలత. అది 6 అడుగులు, అనగా సుమారు 1.83 మీటర్లు. సీసపు గుండు అడుగున కొవ్వు పూసి దించితే ఇసుకో, బురదో దానికి అంటుకొని వచ్చేది. ఆ విధంగా లోతుతో పాటు నేల స్వభావం కూడా తెలిసేది.

నేడు తాడు చేసే పనిని ధ్వని చేస్తున్నది. సముద్రజలంలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు ప్రయాణిస్తుంది. పడవ అడుగునుండి పంపిన ధ్వని నేలను తాకి తిరిగి రావడానికి సెకనులో పదవ వంతు పట్టిందనుకొందాం. పోను, రాను కలిపి అది 150 మీటర్లు ప్రయాణించింది గనుక లోతు 75 మీటర్లు, అంటే దాదాపు 41 బారలు. మరబోట్లలో చేపల గుంపులను చూపే ఫిష్ ఫైండర్ పనిచేసేది కూడా ఈ సూత్రంపైనే.

అల ఎత్తు అనే అంకె

హెచ్చరికలలో తరచుగా వినిపించేది, తరచుగా అపార్థానికి గురయ్యేది అలల ఎత్తు. దీనిని కొలవడానికి లంగరు వేసిన బోయాలను సముద్రంలో ఉంచుతారు. అల లేచినప్పుడు బోయా లేస్తుంది, పడినప్పుడు పడుతుంది. ఆ పైకీ కిందికీ కదలికలోని త్వరణాన్ని లోపలి పరికరం నమోదు చేస్తుంది. దానినుండి ఒక్కొక్క అల ఎత్తును, రెండు అలల నడుమ కాలవ్యవధిని గణించి తీరానికి పంపుతారు.

సముద్రంలో ఏ రెండు అలలూ ఒకే ఎత్తులో ఉండవు. కనుక వందలాది అలలను ఎత్తు ప్రకారం వరుసలో పెట్టి, వాటిలో పెద్దవైన మూడవ వంతును మాత్రమే తీసుకొని, వాటి సగటును అల ఎత్తుగా ప్రకటిస్తారు. అనుభవజ్ఞుడైన నావికుడు కంటితో చూసి చెప్పే అంచనాకు ఈ సగటు దగ్గరగా ఉంటుంది. ఇక్కడ గ్రహించవలసిన విషయం ఏమిటంటే, ఇది సగటే గాని గరిష్ఠం కాదు. గణితశాస్త్రం ప్రకారం వెయ్యి అలలు గడిచేసరికి వాటిలో ఒకటి ఈ సగటుకు సుమారు 1.86 రెట్లు ఉండవచ్చు. 8 సెకన్లకు ఒక అల చొప్పున వస్తే వెయ్యి అలలు గడవడానికి రెండుంపావు గంటలు చాలు. అందుచేత అలల ఎత్తు 3 మీటర్లని విన్నప్పుడు, వేటలో ఉన్న రెండు మూడు గంటలలో ఐదున్నర మీటర్ల అల ఒకటి ఎదురు కావచ్చునని అర్థం చేసుకోవాలి. ఉదయమంతా అలలు చిన్నగానే ఉన్నాయని, హెచ్చరిక తప్పని అనుకోవడానికి వీలులేదు.

మరొక విషయం కూడా ఉన్నది. లోతైన నీటిలో నునుపుగా సాగే అల, మొగల వద్ద లోతు తగ్గగానే నిటారుగా లేచి విరుగుతుంది. పడవలు తిరగబడే ప్రమాదం ఎక్కువగా ఉండేది ఇటువంటి చోటనే. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి లేకపోయినా, దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో లేచిన ఉబ్బు అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి మన తీరాన్ని తాకగలవు. మలయాళీలు దీనిని దొంగవలె వచ్చే కడలి అన్న అర్థంలో కళ్ళక్కడల్ అంటారు. ఎండ కాస్తున్నప్పుడు వచ్చిన హెచ్చరికను కొట్టిపారవేయరాదనడానికి ఇదే కారణం.

సముద్ర మట్టం – ఆటుపోట్లు

సముద్రాన్ని ఎన్నడూ చూడని వారు కూడా సముద్రపు కొలతను ఒకటి చూసే ఉంటారు. బళ్ళారిలో గాని, బల్లార్షాలో గాని, బరంపురంలో గాని రైల్వే స్టేషను పలకపై ఊరి పేరు కింద సముద్ర మట్టానికి ఇన్ని మీటర్లని వ్రాసి ఉంటుంది. నిత్యం హెచ్చుతగ్గులయ్యే సముద్రానికి మట్టం ఎలా వచ్చింది? రేవులలో ఆటుపోట్ల కొలమానాలను ఉంచి, సంవత్సరాల తరబడి నీటి ఎత్తును నమోదు చేసి సగటు తీశారు. 1909లో స్థిరపడిన మన దేశపు ఎత్తుల వ్యవస్థకు తొమ్మిది రేవుల సగటు మట్టాన్ని సున్నాగా తీసుకొన్నారు. వాటిలో మద్రాసు, నాగపట్నం, విశాఖపట్నం, ఒడిషాలోని ఫాల్స్ పాయింట్ తూర్పు తీరానివి.

ఈ కొలత ఉప్పెన హెచ్చరికలో ప్రాణప్రదమవుతుంది. ఉప్పెన ఎత్తు 2 మీటర్లని చెప్పినప్పుడు, అది ఆ వేళకు సహజంగా ఉండవలసిన ఆటుపోటు మట్టంపై అదనంగా వచ్చే నీరు. తుఫాను తీరం దాటే సమయానికి సముద్రం ఆటులో ఉంటే కొంత మేలు. పోటులో ఉంటే రెండూ కలిసి ఊరిలోకి చొరబడతాయి. దానిపై అలలు వేరు. 1977 నవంబరు 19న దివిసీమలో పది వేలమందికి పైగా బలిగొన్నది గాలికంటె ముఖ్యంగా ఈ ఉప్పెన నీరే.

2004 డిసెంబరు 26 నాటి సునామీ మరొక పాఠం నేర్పింది. ఆనాడు సుమత్రా వద్ద భూకంపం సంభవించినది మన కాలమానం ప్రకారం ఉదయం 6 గంటల 29 నిమిషాలకు. చెన్నై, విశాఖపట్నం రేవులలోని కొలమానాలు అలను నమోదు చేసినది సుమారు రెండున్నర గంటల తరువాత. రెండున్నర గంటల వ్యవధి ఉన్నా, హెచ్చరించే వ్యవస్థ లేనందున ప్రజలు తీరం వీడలేకపోయారు. ఆ లోటును తీర్చడానికి 2007లో హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రంలో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. ఈ సంస్థను ఇన్‌కాయిస్ అని పిలుస్తారు. సునామీ నడిసముద్రంలో మీటరు ఎత్తయినా ఉండకపోవచ్చు. కాని 4000 మీటర్ల లోతులో గంటకు 700 కిలోమీటర్ల వేగంతో సాగుతుంది. దానిని పసిగట్టడానికి సముద్రపు అడుగున పీడన మాపకాలను ఉంచుతారు. ఇవి తమపైనున్న నీటి బరువును తూచుతూ, మట్టంలో కొన్ని సెంటీమీటర్ల మార్పు వచ్చినా గుర్తించి, ధ్వని ద్వారా పైనున్న బోయాకు తెలుపుతాయి. బోయా ఆ సమాచారాన్ని ఉపగ్రహం ద్వారా కేంద్రానికి చేరుస్తుంది.

పడవ ఎక్కడ ఉన్నది?

పూర్వపు నావికులు ముడులు వేసిన తాడును ఓడ వెనుక వదలి, నిర్ణీత కాలంలో ఎన్ని ముడులు జారాయో లెక్కించి వేగం తెలుసుకొనేవారు. నాట్ అంటే ముడి. గంటకు ఒక నాటికల్ మైలు, అనగా 1.852 కిలోమీటర్లు వెళితే ఒక నాట్ వేగం. ఈ మైలు కూడా భూమి నుండి పుట్టినదే. అక్షాంశంలో ఒక నిమిషపు దూరం దాదాపు ఒక నాటికల్ మైలు.

నేడు చిన్న పడవలలో కూడా జి.పి.యస్. కనిపిస్తున్నది. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలనుండి సంకేతం రావడానికి పట్టిన కాలాన్ని బట్టి ఇది స్థానాన్ని చెబుతుంది. అయితే చదవడంలో ఒక పొరపాటు జరుగుతూ ఉంటుంది. తెరపై 17 డిగ్రీల 30.50 నిమిషాలని ఉంటే దానిని 30 నిమిషాల 50 సెకన్లని చదవరాదు. 30.50 అంటే ముప్పయిన్నర నిమిషాలు. ఈ ఒక్క పొరపాటుతో స్థానం 600 మీటర్లకు పైగా తప్పుతుంది. ఇంజను ఆగి రాత్రివేళ సహాయం కోరేవారికి ఆ దూరం చిన్నది కాదు. తీరరక్షక దళపు అత్యవసర ఫోను సంఖ్య 1554, వైర్‌లెస్‌లో 16వ చానల్ ప్రతి సరంగుకు కంఠస్థంగా ఉండాలి.

పెద్ద ఓడలలో ఏ.ఐ.యస్. అనే పరికరం తమ గుర్తింపు సంఖ్యను, స్థానాన్ని, వేగాన్ని, దిశను కొన్ని సెకన్లకొకసారి రేడియో ద్వారా ప్రకటిస్తూ ఉంటుంది. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 టన్నులు, ఆపై ఓడలకు ఇది తప్పనిసరి. కాని ఏ.ఐ.యస్. లేని పడవ ఎదుటి ఓడ ఏ.ఐ.యస్. తెరపై కనిపించదు. కొయ్య పడవ, ఫైబరు పడవ రాడార్‌కు కూడా మసకగానే కనిపిస్తాయి. కనుక రాత్రి వేటలో దీపం, కొయ్యకు కట్టిన లోహపు రాడార్ ప్రతిఫలకం అలంకారాలు కావు, ప్రాణరక్షణ సాధనాలు. తీరం దాటిన కొద్ది దూరానికే ఫోను సంకేతాలు అందవు గనుక, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే, అందుకొనే ట్రాన్స్‌పాండర్లను లక్ష మత్స్యకార పడవలలో అమర్చే పథకాన్ని 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రారంభించారు.

రేవు నంబర్ల సంగతి

రేవులలో ఎగురవేసే 1 నుండి 11 వరకు గల సూచికలను వరుసగా పెరిగే ప్రమాదంగా భావించడం పరిపాటి. ఇది కొంతవరకే సరైనది. 1, 2 నంబర్లు దూరంగా సముద్రంలో ఉన్న వాయుగుండాన్ని లేదా తుఫానును సూచిస్తాయి. 3, 4 నంబర్లు రేవుకే ముప్పు రావచ్చునని తెలుపుతాయి. 5, 6, 7 నంబర్ల ప్రమాద స్థాయి ఒక్కటే. తుఫాను మార్గానికి రేవు ఎడమవైపున ఉంటే 5, కుడివైపున ఉంటే 6, తుఫాను రేవుపైగా గాని అతి సమీపంగా గాని దాటితే 7. తీవ్ర తుఫానుకు 8, 9, 10 నంబర్లు కూడా ఇదే క్రమంలో వస్తాయి. ఇక 11వ నంబరు 10కంటె పెద్ద తుఫాను కాదు. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు పూర్తిగా తెగిపోయాయని దాని అర్థం. కనుక 5వ నంబరే కదా, 7 కాదు కదా అని ధీమాపడడం తగదు.

జరిగిపోతున్న గట్టు

తీరపు కోతను కొలవడానికి ఒకే చోటిని వేర్వేరు సంవత్సరాలలో తీసిన ఉపగ్రహ చిత్రాలను ఒకదానిపై ఒకటి ఉంచి, ఒడ్డు గీత ఎటు జరిగిందో చూస్తారు. ఇసుక ఎత్తును నేలపై నడిచి జి.పి.యస్. పరికరాలతో సరిచూస్తారు. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుండి 2016 వరకు గల చిత్రాలను పరిశీలించి, దేశపు ప్రధాన భూభాగ తీరంలో సుమారు మూడవ వంతు కోతకు గురైనదని తేల్చింది. కాకినాడ సమీపంలోని ఉప్పాడలోను, గంజాం జిల్లా పోడంపేటలోను ఇళ్ళు కోల్పోయిన కుటుంబాలకు ఈ గీత ఎటు జరిగిందో చిత్రాలు చెప్పనవసరం లేదు. అయితే పునరావాసం కోరే ఊరికి తేదీలతో కూడిన కొలత ఒక సాక్ష్యం. తుఫానుకు ముందు, తరువాత ఒకే కొబ్బరిచెట్టు నుండి గాని, గుడి అరుగు నుండి గాని నీటి అంచుకు గల దూరాన్ని తేదీతో సహా వ్రాసి ఉంచుకొనే ఊరికి తన మాట నిలబెట్టుకొనే ఆధారం ఉంటుంది.

కొలమానం మనది

1999 అక్టోబరు 29న ఒడిషా తీరాన్ని తాకిన పెనుతుఫానులో దాదాపు పది వేలమంది మరణించారు. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ వద్ద ఫైలిన్ తీరం దాటినప్పుడు మృతుల సంఖ్య వందలోపే. గాలి మెతకబడినందున కాదు. ముందుగా కొలిచి, ముందుగా చెప్పి, లక్షలాది ప్రజలను ముందుగా తరలించినందున.

ఆ ముందుచూపులో నడిసముద్రపు బోయాలకు కూడా పాలున్నది. వాటి నీడన చేపలు చేరతాయని పడవలు కట్టడం, వలలు చిక్కుపడడం, విడిభాగాలను ఊడదీయడం వలన అనేక బోయాలు పనిచేయకుండా పోతున్నాయి. మూగబోయిన బోయా ఉన్న చోట సముద్రం ఏం చేస్తున్నదో తెలియదు. ఆ తెలియనితనపు నష్టం ముందుగా తగిలేది అదే తీరపు గడపకు. పడవ తాడును బోయాకు కట్టకుండా దూరంగా జరగడానికి రూపాయి ఖర్చు లేదు.