పేదవాడి బిడ్డ అనాథ కాదు

అనాథ బిడ్డ తల నిమరడం ఎంత పుణ్యకార్యమో మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అనాథను సాకే వ్యక్తి స్వర్గంలో తనకు ఎంత దగ్గరగా ఉంటాడో దైవప్రవక్త (స) తన రెండు వేళ్ళు చూపించి మరీ తెలియజేశారు. అందుచేత సంపన్న దేశపు దంపతులెవరో పేద దేశం నుంచి ఒక పసిబిడ్డను దత్తత తీసుకువెళ్ళారని వింటే మనసుకు సంతోషం కలుగుతుంది. దానితోపాటు ఒక ప్రశ్న కూడా వేసుకోవాలి. ఆ బిడ్డ నిజంగా అనాథేనా?

ఈ ప్రశ్న వేయకపోతే ఏం జరుగుతుందో 2007లో ఆఫ్రికాలోని చాద్ దేశంలో లోకమంతా చూసింది. పొరుగున ఉన్న సూడాన్‌లోని డార్ఫర్ ప్రాంతం యుద్ధంతో తగలబడుతున్న రోజులవి. డార్ఫర్ అనాథలను కాపాడుతున్నామంటూ ఫ్రాన్సుకు చెందిన ఒక సహాయ సంస్థ 103 మంది పిల్లలను పోగుచేసింది. అక్టోబరు నెలాఖరులో అబెషే పట్టణం నుంచి వారిని విమానంలో తరలించబోతుండగా అధికారులు అడ్డుకున్నారు. ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి సంస్థలు, రెడ్‌క్రాస్ వారు పిల్లలతో మాట్లాడితే అసలు సంగతి బయటపడింది. చాలామంది సరిహద్దు పల్లెలలోని చాద్ పిల్లలే. 91 మంది తల్లో, తండ్రో, తల్లిదండ్రులుగా భావించే పెద్దవారో ఉన్న ఇళ్ళ నుంచి వచ్చినవారే. బడిలో చదివిస్తామంటే నమ్మి పంపామని పల్లెలవారు చెప్పారు. ఫ్రాన్సులో ఆ పిల్లల కోసం ఎదురుచూస్తున్న కుటుంబాలు అప్పటికే వేల యూరోలు చెల్లించి ఉన్నాయి. డిసెంబరులో చాద్ కోర్టు ఆరుగురు ఫ్రెంచివారికి ఎనిమిదేళ్ళ చొప్పున కఠిన శిక్ష విధించింది. 2008 మార్చిలో ఆ దేశాధ్యక్షుడు వారిని క్షమించాడు. పిల్లలు మాత్రం నెలల తరబడి శరణాలయంలో గడిపిన తర్వాతే సొంత ఇళ్ళు చేరారు.

డబ్బు కట్టిన ఆ దంపతులందరూ చెడ్డవారని మేము అనడం లేదు. వారి మనసు మంచిదే అయివుండవచ్చు. కాని మంచి మనసు ఒక్కటే చాలదు. బిడ్డ కోసం ఒకవైపు డబ్బు సంచి తెరిస్తే, రెండోవైపు బిడ్డలను వెతికి తెచ్చే దళారి తప్పక పుట్టుకొస్తాడు.

మన గడప దగ్గర జరిగింది

ఇది ఎక్కడో ఆఫ్రికా సంగతి అనుకోవద్దు. 1999లోనూ, తిరిగి 2001లోనూ మన రాష్ట్రంలోనే ఇటువంటి వ్యవహారం బయటపడింది. నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతపు లంబాడీ తండాల నుంచి ఆడశిశువులను దళారులు కొద్దిపాటి డబ్బుకు తీసుకువచ్చారు. ఆ పసికందులు దత్తత సంస్థలకు చేరారు. విదేశీ దంపతులు వేల డాలర్లు చెల్లించేవారు. తల్లి చేతికి అందింది ఒకటి రెండు నెలల గ్రాసం కూడా కాదు. చివరకు 2001లో రాష్ట్ర ప్రభుత్వం పేదరికం కారణంగానో, ఆడపిల్ల అనే కారణంగానో బిడ్డను సంస్థలకు వదులుకునే పద్ధతిని నిషేధించింది.

చట్టాలు లేక ఇలా జరిగిందా? కాదు. 1984లోనే లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు స్పష్టమైన నియమాలు చెప్పింది. బిడ్డ ముందుగా కన్నవారి దగ్గరే పెరిగేలా చూడాలి. అది సాధ్యం కాకపోతే దేశంలోనే ఒక ఇల్లు వెతకాలి. అదీ దొరకనప్పుడే విదేశం. 1993 నాటి హేగ్ ఒప్పందం సారాంశం కూడా ఇదే. దక్షిణ కొరియాలో దశాబ్దాలపాటు తల్లిదండ్రులున్న పిల్లలను సైతం కాగితాలపై అనాథలుగా రాసి విదేశాలకు పంపారని ఆ దేశపు సత్యశోధన కమిషన్ 2025లో తేల్చి చెప్పింది. ఇథియోపియా 2018లో, చైనా 2024లో విదేశీ దత్తతలకు తలుపులు మూశాయి.

తండ్రి పేరు ఒక అమానత్

ఇస్లాం బోధన ఈ సమస్య మూలాన్నే పట్టుకుంది. దైవప్రవక్త (స) స్వయంగా యతీమ్. ఆయన పుట్టకముందే తండ్రి అబ్దుల్లా మరణించారు. పాలిచ్చి పెంచిన హలీమా (రజి) ఆయనను తిరిగి తల్లి ఆమినా ఒడికే చేర్చారు. ఆరేళ్ళ వయసులో తల్లి పోయాక తాత, తాత తర్వాత చిన్నాన్నో పెదనాన్నో అన్న భేదం లేకుండా తండ్రి తోబుట్టువైన అబూ తాలిబ్ చేరదీశారు. ఇన్ని చేతులు మారినా ఆయన పేరు ముహమ్మద్ బిన్ అబ్దుల్లాగానే ఉంది. తల్లి, తాత, తండ్రి తోబుట్టువు... నేటి చట్టాలు చెబుతున్న వరుస కూడా ఇదే కదా!

హజ్రత్ జైద్ (రజి) సంగతి చూడండి. పసితనంలో దోపిడీదారులు ఎత్తుకుపోయి సంతలో అమ్మివేసిన బిడ్డ ఆయన. తండ్రి హారిసా వెతుక్కుంటూ మక్కా వచ్చి విడుదల సొమ్ము ఇస్తానన్నాడు. దైవప్రవక్త (స) ఒక్క దిర్హమూ అడగలేదు. నిర్ణయం జైద్‌కే వదిలేశారు. జైద్ ఆయన దగ్గరే ఉండిపోతానన్నారు. అప్పటినుంచి ప్రజలు ఆయనను జైద్ బిన్ ముహమ్మద్ అని పిలిచేవారు. అయితే తర్వాత అహ్‌జాబ్ సూరాలో, పెంచుకున్నవారిని వారి కన్న తండ్రుల పేర్లతోనే పిలవాలన్న ఆజ్ఞ వచ్చింది. ఆయన తిరిగి జైద్ బిన్ హారిసా అయ్యారు. పేరు మారింది, ప్రేమ తగ్గలేదు. మూతా యుద్ధంలో సేనాధిపత్యం ఇచ్చింది ఆయనకే.

ఉర్దూలో లేపాలక్ అంటాం. అన్నకు పిల్లలు లేరని తమ్ముడు తన బిడ్డను ఇవ్వడం మన కుటుంబాల్లో మామూలే. మంచిదే. కాని స్కూలు రిజిస్టరులో కన్న తండ్రి పేరు తీసివేయించే పెద్దలను మేము ఎందరినో చూశాం. పెళ్ళి మాటలప్పుడో, ఆస్తి పంపకాలప్పుడో నిజం తెలిసి కుమిలిపోయిన యువకులనూ చూశాం. సముద్రాలు దాటించినా, పక్కింటికే పంపినా ఆ బిడ్డకు తగిలే దెబ్బ ఒక్కటే.

మరి బిడ్డలు లేనివారు ఏం చేయాలి? కఫాలత్ ఉంది. పేరు మార్చకుండా, వంశం దాచకుండా కన్నబిడ్డలా పెంచవచ్చు. రెండేళ్ళలోపు పాలిస్తే పాల సంబంధం ఏర్పడి పర్దా ఇబ్బందీ తొలగుతుంది. ఆస్తిలో మూడోవంతు వరకు వసియ్యత్ రాయవచ్చు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకులు కావచ్చు. 1989 నాటి బాలల హక్కుల ఒప్పందం సైతం కఫాలా పేరును గౌరవంగా ప్రస్తావించింది.

నిజంగా ఎవరూ లేని బిడ్డ, జబ్బుతోనో వైకల్యంతోనో శరణాలయంలో మిగిలిపోయిన బిడ్డ సంగతి వేరు. దేశంలో ఎవరూ ముందుకు రానప్పుడు, విచారణ సక్రమంగా జరిగినప్పుడు దూరదేశపు ఇల్లయినా ఇల్లే. దాన్ని కాదనడం దయ అనిపించుకోదు.

కాని తల్లి బతికి ఉండి, పేదరికమే అడ్డయితే చేయవలసింది ఒక్కటే. బిడ్డను తల్లి నుంచి వేరుచేయకుండా పేదరికాన్ని వారిద్దరి నుంచి వేరుచేయాలి. యతీమ్ అంటే తండ్రి లేని పిల్లవాడు. అతనికి తల్లి ఉండవచ్చు. మన బస్తీలో అటువంటి తల్లి ఎక్కడ ఉందో ఈ జుమా నమాజు నుంచి తిరిగివచ్చే దారిలో విచారిద్దాం. ఆమెకు కుట్టుమిషనో, బిడ్డకు స్కూలు ఫీజో, నెలకు సరిపడా బియ్యమో అందితే ఏ దళారీ ఆ గడప తొక్కలేడు. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్.