దుబాసీ ద్వారా పలికిన సభ్యులు

1868లో వెల్లింగ్టన్ నగరంలో, న్యూజీలాండ్ ప్రతినిధుల సభలో టారెహా టె మోఅనానుయి అనే సభ్యుడు లేచి తన మావోరీ భాషలో ప్రసంగించాడు. ఆ సభలో ఒక మావోరీ సభ్యుడు మాట్లాడటం అదే ప్రథమం. సభా వ్యవహారమంతా ఆంగ్లంలోనే సాగేది గనుక ఆయన పలుకులను దుబాసీ ఆంగ్లంలో వినిపించాడు. ఇంటిభాష ఒకటి, కచేరీ భాష మరొకటిగా తరతరాలు గడిపిన మన సరిహద్దు గ్రామాల వారికి ఆ సభ్యుని స్థితి వేరుగా వివరించనక్కరలేదు.

1866 నుండి 1870 వరకు సాగిన ఆ సభను ఆ దేశ చరిత్రలో నాల్గవ పార్లమెంటు అంటారు. నాడు న్యూజీలాండ్ బ్రిటిష్ వలసరాజ్యం. బ్రిటిష్ ప్రజలకు గల హక్కులన్నీ మావోరీలకు కూడా ఉంటాయని 1840 నాటి వైటాంగి ఒడంబడిక వాగ్దానం చేసింది. 1852 నాటి రాజ్యాంగ చట్టం కూడా మావోరీలకు ఓటు లేదని ఎక్కడా చెప్పలేదు. 21 ఏళ్లు నిండి, నిర్ణీత విలువ గల ఆస్తి సొంతంగానో కౌలుగానో అద్దెకో కలిగిన పురుషులకు ఓటు ఉంటుందని మాత్రమే చెప్పింది. మెలిక అక్కడే ఉంది. మావోరీల భూమి వంశానికంతటికీ ఉమ్మడి సొత్తు. ఒక్కొక్కరి పేర పట్టా ఉండేది కాదు. భూమి ఉన్నా పట్టా లేదు, పట్టా లేదు గనుక ఓటు లేదు. రెండు రాష్ట్రాల రెవెన్యూ కచేరీల చుట్టూ తిరిగిన వారెవరికైనా ఈ చిక్కు ఇట్టే బోధపడుతుంది.

1860ల నాటి యుద్ధాలు, వాటి వెంట వచ్చిన భూముల జప్తులు పరిస్థితిని విషమింపజేశాయి. 1867లో నేపియర్ సభ్యుడు డోనాల్డ్ మెక్లీన్ మావోరీ ప్రాతినిధ్య బిల్లును సభ ముందుంచాడు. ప్రభుత్వ పక్షాన నిలిచిన తెగలను సంతుష్టిపరచడం, కలత పడిన వారిని శాంతింపజేయడం దాని ఆశయాలలో ఉన్నాయి. ఉదారత కంటె రాజకీయ అవసరమే ఇందులో ఎక్కువని చెప్పక తప్పదు. భూములకు విడివిడిగా పట్టాలు వచ్చేదాకా, అనగా 5 సంవత్సరాలు, ఈ ఏర్పాటు చాలునని భావించారు.

చట్టం 4 స్థానాలనిచ్చింది: ఉత్తర ద్వీపానికి 3, దక్షిణానికి 1. 21 ఏళ్లు నిండిన మావోరీ పురుషులందరికీ ఆస్తి నిబంధన లేకుండానే ఓటు లభించింది. ఐరోపా సంతతి పురుషులందరికీ ఆ హక్కు 1879లో గాని రాలేదు! అయితే సంఖ్యను చూడండి. సుమారు 50,000 మంది మావోరీలకు 4 స్థానాలు. 2 లక్షలు దాటిన ఐరోపీయులకు 70కి పైగా. జనాభా దామాషా పాటించి ఉంటే మావోరీలకు 14కు తగ్గకుండా దక్కేవి.

1868లో టారెహాతో పాటు ఫ్రెడరిక్ నెనె రస్సెల్, మెటె పైటాహి, జాన్ ప్యాటర్సన్ ఎన్నికయ్యారు. అదే సంవత్సరం టారనాకీలో టిటోకోవారు, తూర్పు తీరంలో టె కూటి సాయుధులై ప్రభుత్వంతో పోరాడుతున్నారు. సభలో నాలుగు చేతులు ఏ బిల్లునూ సొంత బలంతో ఆపలేవు. ఆంగ్లం రాని సభ్యునికి దుబాసీయే చెవి, దుబాసీయే నోరు. వాదోపవాదాలు వేడెక్కిన వేళ అతనికి అందేది ఎంతో ఊహించవచ్చు. అయినా ఆ నలుగురూ లేకుంటే మావోరీల గోడు మావోరీ నోటినుండి ఆ సభకు చేరే దారే లేదు.

ఇదే పార్లమెంటు 1870లో రహస్య ఓటు విధానాన్ని చట్టం చేసింది. కాని అది ఐరోపీయులకే. మావోరీ ఓటరు 1937 వరకు ఎన్నికల అధికారి ఎదుట తనకు నచ్చిన అభ్యర్థి పేరు పైకి చెప్పవలసి వచ్చింది. తాత్కాలికమన్న స్థానాలను మాత్రం 1872లో పొడిగించి, 1876లో గడువు లేకుండా కొనసాగించారు. 2002 నుండి అవి 7.

మన రాజ్యాంగంలోని 210వ అధికరణం ప్రకారం రాష్ట్ర అధికార భాషలోగాని, హిందీ, ఆంగ్లాలలోగాని తన భావం చక్కగా చెప్పలేని శాసనసభ్యునికి మాతృభాషలో మాట్లాడేందుకు సభాపతి అనుమతి ఇవ్వవచ్చు. న్యూజీలాండ్‌లో 1987లో మావోరీ అధికార భాష అయింది. 2010 నుండి పార్లమెంటులో మావోరీ ప్రసంగాలకు అప్పటికప్పుడే ఆంగ్లానువాదం వినిపిస్తున్నారు.