క్లచ్ వదిలేసిన పెదనాన్న

పోయిన సంక్రాంతికి నెల్లూరు వెళ్తే పెదనాన్న షెడ్డులో రెండు కార్లున్నాయి. ఒకటి నేను స్కూల్ రోజుల నుంచీ చూస్తున్న ఎర్ర శాన్ స్టార్మ్. రెండోది కొత్తది. సైలెన్సర్ గొట్టం లేనిది.

నిజం చెప్తున్నా, నమ్మలేకపోయాను. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఎలక్ట్రిక్ కార్ల మీద నాతో నాలుగేళ్లు యుద్ధం చేసిన మనిషి ఈయనే. నేను ఒక వీడియో పెడితే, "టార్చిలైటుకి చక్రాలు పెడితే కారు అవదు అబ్బయా" అని రిప్లై ఇచ్చేవాడు. అలాంటాయన అరవై ఆరేళ్ల వయసులో ఈవీ కొన్నాడు. అదీ నాకు ఒక్క మాట చెప్పకుండా.

ఎందుకు కొన్నాడో తెలియాలంటే ముందు ఆయన గురించి చెప్పాలి.

మోటార్లు చుట్టే చేతికి ఇంజిన్ పిచ్చి

పెదనాన్నది మోటార్ వైండింగ్ షాపు. రైతుల బోరు మోటార్లతో మొదలుపెట్టి, తర్వాత రొయ్యల గుంటల్లో తిరిగే ఎయిరేటర్ల మోటార్ల దాకా వచ్చాడు. కాలిపోయిన మోటార్ వాసన చూసి, ఫేజ్ పోయి కాలిందా, నీళ్లు పోయి కాలిందా చెప్పేస్తాడు. జీవితమంతా కరెంటు మోటార్లతోనే అన్నం తిన్నాడు. పిచ్చి మాత్రం పెట్రోల్ ఇంజిన్ మీద.

ఆ పిచ్చి షోలవరంలో అంటుకుంది. నెల్లూరు నుంచి మద్రాసు వెళ్లే ట్రంక్ రోడ్డులో, ఊరు ఇంకాసేపట్లో వస్తుందనగా ఉంటుంది షోలవరం. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అది. యుద్ధం అయిపోయాక దాని మీద కార్ల రేసులు మొదలయ్యాయి. దేశం నలుమూలల నుంచీ రేసర్లు వచ్చేవాళ్లు. కోయంబత్తూరు కరివర్ధన్ పేరు అక్కడ మార్మోగేది. విజయ్ మాల్యా కూడా ఒకప్పుడు అక్కడ రేసు కారు నడిపినవాడే. 1990 ప్రాంతంలో చెన్నైకి అవతల ఇరుంగాట్టుకోట్టైలో కొత్త ట్రాక్ వచ్చాక షోలవరం కథ ముగిసింది.

పంతొమ్మిదేళ్లప్పుడు పెదనాన్న ఇంట్లో చెప్పకుండా బస్సెక్కి ఆ రేసులు చూడ్డానికి పోయాడు. "కారు కనపడక ముందే దాని అరుపు గుండెల్లో తగిలేది రా" అని ఇప్పటికీ చెప్తాడు. తను కూడా రేసులు నడపాలనుకున్నాడు. డబ్బుల్లేవు. తర్వాత పెళ్లి, షాపు, పిల్లలు.

శాన్ స్టార్మ్ కథ ఆ తర్వాతది. మనలో చాలామంది ఆ పేరే విని ఉండరు. 1990ల చివర్లో ఒక బెంగళూరు కంపెనీ తెచ్చిన రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు. ఫైబర్ బాడీ, 1.2 లీటర్ల రెనో ఇంజిన్. పవర్ 60 హార్స్‌పవర్ దాకా. ఇవాళ్టి మామూలు హ్యాచ్‌బ్యాక్‌కి కూడా అంతకంటే ఎక్కువే ఉంటుంది. కానీ బరువు తక్కువ, సీటు దాదాపు నేలకి ఆనుకుని ఉంటుంది, 60లో పోతున్నా 100లో పోతున్నట్టు ఉంటుంది. దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొని, బెంగళూరు నుంచి తనే నడుపుకుంటూ తెచ్చుకున్నాడు. ఆదివారం పొద్దున మైపాడు బీచ్ రోడ్డులో దాన్ని తిప్పడమే ఆయన గుడి, ఆయన జిమ్, అన్నీ.

హుస్సేన్ సాగర్ ఒడ్డున మొదటి దెబ్బ

2023 ఫిబ్రవరి 11. హైదరాబాద్‌లో ఫార్ములా ఈ రేసు. మన దేశంలో జరిగిన మొదటి ఫార్ములా ఈ అది. హుస్సేన్ సాగర్ పక్కన, మనం రోజూ ట్రాఫిక్‌లో తిట్టుకునే రోడ్ల మీదే ట్రాక్. రెండు టికెట్లు తీసి పెదనాన్నని రప్పించాను. షోలవరం చూసిన మనిషికి ఫ్యూచర్ చూపిద్దామని నా ఉబలాటం.

మొదటి కారు మా ముందు నుంచి పోగానే నా వైపు తిరిగాడు. "ఏందిరా ఇది, మిక్సీ తిప్పినట్టు ఉండాది!"

పక్కనున్న కుర్రాళ్లు కూడా నవ్వేశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

కానీ రేసు ముగిసేలోపు ఆయన నవ్వడం ఆపేశాడు. ఆ రేసులో అందరికీ ఒకే కొలత బ్యాటరీ. మధ్యలో చార్జింగ్ లేదు. ఎవరు ఎక్కువ తొక్కితే వాళ్లది ముందు అయిపోతుంది. అందుకే డ్రైవర్లు మలుపు రాకముందే కాలు తీసేసి, బండిని దొర్లించి, బ్రేకు వేసేటప్పుడు మోటార్‌తోనే కరెంటు వెనక్కి పట్టుకుంటారు. చివరి ల్యాపుల్లో ముందున్న జాన్ ఎరిక్ వెర్న్ దగ్గర, వెంటపడుతున్న నిక్ కాసిడీ కంటే తక్కువ చార్జ్ ఉంది. అయినా దారివ్వలేదు. గెలిచాడు.

బయటికొస్తూ పెదనాన్న ఒక్కటే అన్నాడు. "డ్రైవింగ్ ఐతే ఉండాది దీంట్లో. లేదని చెప్పబాకు." నేను ఎప్పుడు లేదన్నాను? లేదన్నది ఆయనే.

మోకాలు చెప్పిన మాట

అసలు సంగతి రేసు కాదు. మోకాలు.

ఎడమ మోకాలు చాన్నాళ్లుగా నొప్పి పెడుతోంది. నొప్పి ఉందని ఒప్పుకునే మనిషి కాదు. ఒక సాయంత్రం మినీ బైపాస్ రోడ్డులో, సిగ్నల్ పడిన చోట, క్లచ్ తొక్కుదామంటే కాలు సహకరించలేదు. బండి ఆగిపోయింది. వెనకాల హారన్లు. పక్కన ఆటో అతను "పెద్దాయనా, వయసు చూసుకోవద్దా" అన్నాడు. షాపు కుర్రాడికి ఫోన్ చేసి, బండి వాడికిచ్చి, తను ఆటోలో ఇంటికొచ్చాడు. ఈ సంగతి నాకు పెదనాన్న చెప్పలేదు. పెద్దమ్మ చెప్పింది.

టెక్సాస్‌లో ఉన్న మా అన్న ఫోన్ చేసి, "నాన్నా, ఇంక నడపడం ఆపెయ్. డ్రైవర్‌ని పెట్టుకుందాం" అన్నాడు. అన్న తప్పుగా ఏం అనలేదు. కానీ ఆ రోజు నుంచి పెదనాన్న షెడ్డు తలుపు తీయలేదట. మూడు వారాలు. కారుకి కవర్ వేసి, టీవీ ముందు కూర్చున్నాడు. "మనిషి సగమైపోయాడు రా" అంది పెద్దమ్మ.

నేనేమో గ్రూపులో అప్పటికీ జీరో టు హండ్రెడ్ లెక్కలు పోస్ట్ చేస్తూనే ఉన్నాను. ఆయనకి కావాల్సింది 6 సెకన్లు కాదు. ఇంకో పదేళ్లు. ఈవీలో క్లచ్ ఉండదు. ఎడమ కాలికి పనే లేదు. ఈ చిన్న సంగతి నా ఇంజినీరింగ్ బుర్రకి తట్టనే లేదు. ఆయనకి తట్టింది.

ఆటోమేటిక్ పెట్రోల్ కారు కొనొచ్చు కదా అని అడిగాను. "గేర్లు నేను మార్చకుండా ఇంకెవరో మారుస్తుంటే చిరాకు. దీంట్లో అసలు మార్చే గేర్లే లేవు కదా. ఎవరి మీదా కోపం రాదు" అన్నాడు. వింటే తమాషాగా ఉంది కానీ, ఆలోచిస్తే కరెక్టే.

షోరూంలో ఎదురు ఇంటర్వ్యూ

ఆయన కొన్నది మహీంద్రా బీఈ 6, 79 కిలోవాట్ అవర్ల బ్యాటరీది. మోటార్ వెనక చక్రాల్ని తిప్పుతుంది, 286 హార్స్‌పవర్ దాకా ఇస్తుంది. "వెనక చక్రాలు తోయాల, ముందు చక్రాలు తిరగాల. స్పోర్ట్స్ కారంటే అదీ" అని ఆయన సిద్ధాంతం.

షోరూంలో కుర్రాడు స్క్రీన్లు, లైట్లు, కెమెరాలు చూపిస్తుంటే, ఈయన "మోటార్‌లో పోల్స్ ఎన్ని అబ్బయా?" అని అడిగాడట. పాపం, ఆ అబ్బాయి బ్రోచర్ తిరగేస్తూనే ఉన్నాడట.

నాతో ఆయన వాదన ఎప్పుడూ ఒకటే ఉండేది. గంటకి 100 కిలోమీటర్లు దాటిన మొట్టమొదటి కారు ఎలక్ట్రిక్‌దే, 1899లో, ఫ్రాన్స్‌లో, కామీ జెనాట్జీ నడిపాడు అని నేనొకసారి పోస్ట్ పెట్టాను. "మరి నూట ఇరవై ఏళ్లు యాడ పడుకున్నారు?" అని అడిగాడు. బ్యాటరీ దగ్గర పడుకున్నారు. ఆనాటి సీసం బ్యాటరీలు బండెడు బరువు, చెంచాడు కరెంటు. ఇప్పటికీ లీటరు పెట్రోల్‌లో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. అంటే ఇంత పెద్ద బ్యాటరీ మొత్తంలో ఉన్నది కేవలం తొమ్మిది లీటర్ల పెట్రోల్‌లో ఉండేంత శక్తి!

మరి అంత తక్కువతో నాలుగొందల కిలోమీటర్ల పైన ఎలా పోతోంది? ఇది నాకు పెదనాన్నే చెప్పాడు. పెట్రోల్ ఇంజిన్ తాగినదాంట్లో ఎక్కువ భాగం వేడిగా పారేస్తుంది. చక్రానికి చేరేది పావు వంతుకి అటూఇటూ. మంచి మోటార్ పదిలో తొమ్మిది వంతులు పనికి తెస్తుంది. "నలభై ఏళ్లు మోటార్లు చుట్టినా. నాకు తెలీదా? తెలిసీ ఒప్పుకోలా" అన్నాడు.

అన్నీ బాగున్నాయని కాదు

మెచ్చుకుంటే మెచ్చుకుంటాడు కానీ, తిట్టాల్సినవి తిడుతూనే ఉన్నాడు. మొదటిది బరువు. బ్యాటరీ కింద పరిచి ఉంటుంది కాబట్టి మలుపుల్లో ఒరగదు, నిజమే. కానీ రెండు టన్నులకి అటూఇటూ ఉండే బండి. "ఎనుముకి డ్యాన్స్ నేర్పినట్టు ఉండాది. బాగానే ఆడుతుంది, ఐనా ఎనుమే." స్టార్మ్‌లో రోడ్డు మీద గులకరాయి తగిలినా స్టీరింగ్‌లో తెలిసేది. ఇందులో తెలియదు.

రెండోది శబ్దం. ఈ కారు సౌండ్లు ఏఆర్ రెహమాన్ చేసినవి అని నేను గొప్పగా చెప్పాను. "రెహమాన్ మంచోడే. ఇంజిన్ మాత్రం ఇళయరాజా" అని కొట్టిపారేశాడు.

మూడోది అడిగితే కాసేపు మాట్లాడలేదు. "దీన్ని నేను విప్పలేను రా." ఊళ్లో ఏ మోటారైనా విప్పి, చుట్టి, వార్నిష్ కొట్టి బతికించిన చెయ్యి అది. ఈ కారులో ఉన్న వోల్టేజీ ఎంతో ఆయనకి తెలుసు. అందుకే ఆ నారింజ రంగు కేబుళ్ల జోలికి పోడు. పాడైతే సర్వీస్ సెంటర్‌కి పోవాల్సిందే. ఇది నాకూ నచ్చని విషయమే. తన వస్తువుని తను బాగుచేసుకునే హక్కు మనిషికి ఉండాలి కదా.

షోలవరం దాకా

కనుమ మరుసటి రోజు తెల్లవారుజామున నన్ను లేపాడు. "పద." ఎక్కడికో చెప్పలేదు. నాయుడుపేట దాటాక అర్థమైంది. సూళ్లూరుపేట, తడ, గుమ్మిడిపూండి... షోలవరం.

దారంతా ఒక ఆట ఆడాడు. స్క్రీన్ మీద పర్సెంట్ తగ్గకుండా నడిపే ఆట. 110లో పోతే ఎంత లాగుతోంది, 90కి దించితే ఎంత మిగులుతోంది అని నాతో లెక్కలు రాయించాడు. స్పీడ్ పెరిగే కొద్దీ గాలి అడ్డు దాని వర్గంలో పెరుగుతుంది కాబట్టి తేడా బాగానే కనపడుతుంది. టోల్ గేట్ కనపడగానే కాలు తీసేవాడు. బ్రేకు ముట్టకుండా బండి సరిగ్గా బూత్ దగ్గరికొచ్చి నెమ్మదించేది. హుస్సేన్ సాగర్ ఒడ్డున వెర్న్ చేసిన పనే. ఆయన ముఖం చూడాలి అప్పుడు.

షోలవరంలో రోడ్డు పక్కన ఆపాడు. లోపలికి పోలేదు. మాట్లాడకుండా ఐదు నిమిషాలు అటే చూశాడు. తర్వాత అన్నాడు: "అప్పుడు రేసు నడపాలని ఉన్నింది, డబ్బుల్లేవు. డబ్బులొచ్చేసరికి వయసు లేదు. ఇప్పుడు నడపడమే మానెయ్ అంటే ఎట్టరా?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన అడిగింది కూడా నన్ను కాదనుకుంటా.

రానూపోనూ మూడొందల కిలోమీటర్ల పైనే. మధ్యలో చార్జింగ్ పెట్టలేదు. ఇంటికొచ్చేసరికి 34 శాతం మిగిలింది. ఆయన అన్నకి ఫోన్ చేసి మొదట చెప్పింది మోకాలి గురించి కాదు, ఆ 34 గురించి.

తాళం చేతులు మారింది

నేను బయల్దేరే రోజు పొద్దున స్టార్మ్ తాళం నా చేతిలో పెట్టాడు. "అమ్మను. అట్టని మూలన పడితే పాడైపోతాది. నువ్వు నెలకోసారి వచ్చి తిప్పు."

ఇక్కడ నేనొకటి ఒప్పుకోవాలి. డ్రైవింగ్ స్కూల్ అయ్యాక నేను క్లచ్ ముట్టలేదు. హైదరాబాద్‌లో నాది ఆటోమేటిక్. నాలుగేళ్లు ఆయనకి ఫ్యూచర్ గురించి క్లాసులు పీకినవాణ్ని, ఇంటి గేటు దాటేలోపు బండిని ఐదుసార్లు ఆపేశాను. వీధి కుర్రాళ్లు ఫోన్లు తీశారు.

పక్క సీట్లో పెదనాన్న తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఓరగా చూస్తే, ఆయన ఎడమ కాలు ఖాళీ నేలని మెల్లగా తొక్కి, మెల్లగా వదులుతోంది.

"తొందరపడబాకు" అన్నాడు. "అది స్విచ్ కాదు. నిదానంగా వదులు. పట్టుకునేది నీకే తెలుస్తాది."

ఆరోసారి కదిలింది.