‘దిద్దుబాటు’ కథలోని తలుపు

ఆంధ్ర కథానికా చరిత్రమున మచిలీపట్టణమునకు విశేషస్థానము కలదు. గురజాడ వేంకట అప్పారావుగారి ‘దిద్దుబాటు’ 1910 ఫిబ్రవరిలో, ఈ పట్టణమున వెలువడుచుండిన ‘ఆంధ్రభారతి’లో ప్రకటితమైనది. అంతకు ఎనిమిదేండ్లకు పూర్వమే, 1902లో, ‘హిందూసుందరి’లో ‘ధనత్రయోదశి’ని ప్రకటించిన భండారు అచ్చమాంబగారు, ఆ సంవత్సరముననే ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో గూడి ఇచ్చట బృందావన స్త్రీసమాజమును నెలకొల్పిరి. వీనిలో మొదటి కథ యేది యను వాదమును నేనిచ్చట ఎత్తుకొనను. రెంటిని జేర్చి చదివినపుడు నాకు తోచిన యర్థమును మాత్రము విన్నవించెదను.

‘దిద్దుబాటు’ మొదట నాకు హాస్యకథగనే తోచినది. గోపాలరావు సానిపాట విని రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరును. భార్య కమలిని కానరాదు, జాబు మాత్రముండును. తుదకు మంచము క్రిందనుండి ఆమె నవ్వు వినవచ్చును. భార్య భర్తకు బుద్ధి చెప్పెనని పాఠము ముగించుట సులభమే.

పునఃపఠనమున నా దృష్టి తలుపుమీద నిలిచినది. గోపాలరావు పిలిచినను బదులు రాదు. చేయి తాకినంతనే రెక్క విడిపోవును. ఎంత ప్రొద్దుపోయినను తనకై యొకరు మేల్కొని యుందురను నమ్మకముతో వచ్చినవానికి, మూసిన తలుపుకంటె గడియలేని తలుపే కఠినము. లోపలి శూన్యమును చూపునది యదియే. గురజాడవారు దీనిని సంకేతముగా నుద్దేశించిరని నేననజాలను. అయినను వాచ్యార్థము చెడకయే అర్థాంతరము స్ఫురించుటను మన ఆలంకారికులు వివక్షితాన్యపరవాచ్యమనిరి గదా. ఈ తలుపు నాకట్టిదిగా తోచుచున్నది.

జాబును గూడ ఇట్లే చదువవలెను. ప్రణయసంబోధనమున్న చోట ‘అయ్యా’ యను పిలుపు చేరినది. స్త్రీవిద్యను కొనియాడు గోపాలరావును ఆ విద్యయే జాబై ప్రశ్నించుచున్నది.

‘ధనత్రయోదశి’లో దారిద్ర్యముచే పరధనమునకు చేయిచాప దలచిన భర్తను, విజయలక్ష్మి యెదుట నిలిచి మాటలతో మరలించును. కమలిని మరుగున నుండి మరలించును. ఒకచోట పలుకు, వేరొకచోట మౌనము. దిద్దువారు మాత్రము రెండుచోట్లను స్త్రీలే. కావున ‘దిద్దుబాటు’ నొంటిగా బోధించినచో, ఈ భావము ఒక స్త్రీ లేఖినినుండి ముందే వెలువడినదను సత్యము విద్యార్థికి మరుగగును.

ఇంకొక విషయము నన్ను బాధించుచున్నది. భార్య కానరాని కోపమున గోపాలరావు సేవకుడగు రాముని కొట్టును, పిదప చింతించును. భార్యయెడ చేసిన తప్పునకు జాబు కలదు, నవ్వు కలదు. సేవకుని దెబ్బకు నిలదీయువారే లేరు. నవ్వుతో ముగియు కథలో ఆ దెబ్బను మనము మరచిపోవుదుము. ఇది కథకుని లోపమా, పాఠకుని పరీక్షయా? నేను రెండవదియే యందును.

ఉపాధ్యాయులు ఈ కథను చెప్పునపుడు, ఎవరు దిద్దిరని యడుగుటతో తృప్తినొందక, దిద్దబడక మిగిలినదేదియని గూడ బాలుర నడుగుదురుగాక.