పాంచాలంకురిచ్చి ముట్టడియు, బల్లమీది యుద్ధక్రీడయు

నెపోలియన్ ఈజిప్టునుండి మరలివచ్చి పారిస్ నగరము ప్రవేశించినది 1799 అక్టోబరు 16వ తేదీన. ఆ దినముననే, కోవిల్‌పట్టికి దక్షిణముననున్న కయత్తారులో, పాంచాలంకురిచ్చి పాలెగారగు వీరపాండ్య కట్టబొమ్మనను ఇంగ్లీషు కంపెనీవారు ఉరితీసిరి. ఈ రెండింటికిని కార్యకారణ సంబంధము లేదు. కాని నెపోలియన్ యుగపు యుద్ధములను చిన్న బొమ్మలతో బల్లమీద మరల నడపి చూచు క్రీడ యొకటి కలదు. అదే కాలమున, అట్టి తుపాకులతోడనే జరిగిన పాలెగాండ్ర యుద్ధము ఆ బల్ల నెక్కుటకు ఏ విధమునను తక్కువది కాదు.

ఈ క్రీడకు మూలము ప్రష్యా దేశమున నున్నది. 1812లో రైస్విట్జ్ అను నతడు ఎత్తుపల్లములను చూపు బల్ల నొకదానిని చేయించి రాజునకు సమర్పించెను. సైనికాధికారియగు అతని కుమారుడు 1824లో నియమములను ప్రకటించెను. పటముమీద దళములకు గుర్తుగా దిమ్మెలను నడపుదురు. రెండు నిమిషముల కాలము ఒక వంతు. కాల్పుల ఫలమును పాచికలు నిర్ణయించును. చదరంగమున బంటు ఏనుగును చంపదలచిన చంపి తీరును. ఇచ్చట చంపునో చంపదో పాచిక చెప్పవలెను. 1913లో హెచ్. జి. వెల్స్ 'లిటిల్ వార్స్' అను పుస్తకముచే ఇట్టి ఆటను గృహములలోనికి తెచ్చెను. నేటి ఆటలలో సాధారణముగా ఒక్కొక్క బొమ్మ పలువురు సైనికులకు ప్రతినిధి. దళము ఒక వంతులో ఎన్ని అంగుళములు నడువవచ్చునో నియమము కలదు. నష్టము మితిమీరినప్పుడు అది నిలుచునో పారునో మరల పాచికయే చెప్పును.

ఇక పాంచాలంకురిచ్చి. కట్టబొమ్మన తమ్ముడగు ఊమైదురై 1801 ఫిబ్రవరిలో పాళయంకోట చెరనుండి తప్పించుకొని, శిథిలమైన కోటను కొలది దినములలో మరల కట్టించెను. దానిని కన్నులార చూచిన జేమ్స్ వెల్ష్ అను కంపెనీ అధికారి తన 1830 నాటి గ్రంథములో దానిని వర్ణించెను. పొడవు సుమారు 500 అడుగులు, వెడల్పు 300, గోడ లన్నియు మట్టివి, చుట్టును ముళ్లకంచె. (నేడు అచ్చట కనబడు కోట 1974లో తమిళనాడు ప్రభుత్వము కట్టించిన స్మారకము, కొలతలకు దానిని నమ్మరాదు.) 15 మిల్లీమీటర్ల బొమ్మలతో ఆడినచో ఈ కోట నాలుగున్నర అడుగుల పొడవున, మూడడుగులకు లోపు వెడల్పున బల్లమీద ఇముడును. కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతములలో బొమ్మలకొలువు తీర్చు తెలుగిండ్లకు ఇది క్రొత్తపని కాదు. నల్లరేగడి మట్టి పొలముననే యున్నది. ఈటెలకు అగ్గిపుల్ల లున్నవి. అవి ఈ సీమలో కఱవా! వెల్ష్ చెప్పిన 18, 20 అడుగుల ఈటె ఈ కొలతలో అగ్గిపుల్లకంటె కొంచెమే పొడవు.

ఈటెల సంగతి అలంకారము కాదు. 1801 మార్చి 31న మేజర్ మెకాలే సేన గోడకు గండికొట్టి ఎక్కజూచి, తీవ్ర నష్టముతో మరలినది. ఫిరంగిగుండు రాతిగోడను పగులగొట్టును. మట్టిగోడ దానిని మ్రింగును. గండి నెక్కినవానికి నిలువ చోటు లేదు. లోపల బోలుగా నున్న బురుజులనుండి ఈటెలు పైకి పొడిచెడివి. కావున ఈటెవానిని తుపాకివానికంటె తక్కువగా నెంచు నియమము ఏదైనను ఈ గోడయొద్ద పనికిరాదు. మే 24న కల్నల్ ఆగ్న్యూ అధికబలముతో, పెద్ద ఫిరంగులతో వచ్చినపిమ్మటగాని కోట చిక్కలేదు.

దీనికంటె కష్టమైనది ఎట్టయపురము ప్రశ్న. ఆ పాలెగారు కంపెనీ పక్షమున నిలిచెను. ఆ వంశమును కట్టబొమ్మన వంశమువలె తెలుగు రాజకంబళము వారిదే. తమిళమున ఎట్టప్పన్ అను పేరు ద్రోహికి పర్యాయపదమైనది; 1959 నాటి చలనచిత్రము ఆ ముద్రను మరింత గట్టిపరచినది. కాని బల్లమీద ఆ బొమ్మలను చేపట్టినవానికి తిట్టుమాట యొకటి చాలదు. రెండు పాలెములకు పొలిమేర తగవులు పూర్వమునుండియు కలవు. 1799 మే 4న శ్రీరంగపట్టణము కూలగా కంపెనీసేనకు పాలెగాండ్రపై తిరుగుటకు తీరిక చిక్కినది. ఇవి తెలిసి ఆడినవాడు ఆ నిర్ణయమును మెచ్చనక్కరలేదు. అది ఎట్టి ఇఱుకున చేయబడినదో చూడగలుగును. వీరగాథలో ఎదుటిపక్షమునకు ఇట్టి అవకాశము లేదు.

మఱియొక నియమ మవసరము. ఆట కోట కూలుటతో ముగియరాదు. మే 24న లోపలివారిలో పలువురు తప్పించుకొనిరి. ఊమైదురై శివగంగసీమ చేరి మరుదు సోదరులతో కలిసెను. యుద్ధము అక్టోబరువరకు సాగినది. నవంబరు 16న ఊమైదురైని పాంచాలంకురిచ్చిలోనే ఉరితీసిరి. కావున కోటవాని గెలుపును గోడ నిలిచినదా లేదా యని గాక, బల్ల ఉత్తరపుటంచు దాటి ఎందరు బయటపడిరో లెక్కించి నిర్ణయించుట న్యాయము.